నా మంచితనానికి మందు

మా అత్తవారి వీధిలో నన్ను మించిన మంచి కోడలు లేదని ఒకప్పుడు పేరుండేది. ఆ పేరు నా మెడలో జబ్బు వల్ల వచ్చింది. జబ్బు కుదిరింది, దానితోపాటు పేరూ పోయింది. రెండింటిలో ఏది పోయినందుకు ఎక్కువ సంతోషమని ఎవరైనా అడిగితే, పేరు పోయినందుకే అంటాను. ఇది రాయడానికి కూర్చున్నానని తెలిస్తే మావాళ్ళు తలలు కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వండి. చదువు వచ్చిన ఆడదాని చేతికి కాగితం, కలం దొరికితే ఏం రాస్తుందోనని మా అత్తగారికి మొదటి నుంచీ భయమే. ఆ భయం వృథా కాకుండా చూడడం నా బాధ్యత.

నేను పుట్టింది ధవళేశ్వరంలో, కోమటి ఇంట్లో. నాన్న దుకాణం కాలవ లాకుల దగ్గర ఉండేది. లాకులో నీళ్ళు నిండేదాకా పడవలు ఆగక తప్పదు కనుక, ఆ కాసేపూ పడవలవాళ్ళు మా దుకాణానికి వచ్చేవారు. నాన్న బేరాల్లో మహా మెత్తన. చింతపండులో తేమ ఉందని ఎవరైనా సణిగితే చాలు, ధర తగ్గించబోయేవారు. అప్పుడు నేను లోపల్నుంచి, తలుపు చాటునుంచి అరిచేదాన్ని, ఆ తేమ గోదావరి గాలిదనీ, దాన్ని మేము అమ్మడం లేదనీ. పడవలవాళ్ళు నవ్వుకుంటూ అడిగిన ధర ఇచ్చేవారు. మా దుకాణానికి గుమాస్తా అక్కర్లేదు, మా అమ్మాయి గొంతు చాలని నాన్న పదిమందిలో చెప్పుకునేవారు. ఆడపిల్లల బడికి కొన్నాళ్ళు పంపించి, చదవడం రాయడం వచ్చాక మాన్పించారు. తరువాత సామర్లకోట సంబంధం వచ్చింది.

అత్తవారిదీ దుకాణమే, ఉమ్మడి కుటుంబం. మా అత్తగారికీ నాకూ మొదటి పూటే చెడింది. ఆ ఇంట్లో మగవాళ్ళకు అన్నంలోకి పెరుగు వేసేవారు, ఆడవాళ్ళకు మజ్జిగ పోసేవారు. పాలు పితికించేది, తోడు పెట్టేది, చిలికేది ఆడవాళ్ళే. నేను విస్తరి ముందు కూర్చుని పెరుగు వెయ్యమని అడిగాను. పంక్తిలో ఉన్న ఆడవాళ్ళందరూ తలలు వంచుకున్నారు. అత్తగారు మజ్జిగే పోశారు. నేను మళ్ళీ అడిగాను. ఇలా ఏడాది పొడుగునా రోజూ జరిగింది. ఒక్కొక్కరోజు ఆవిడ గెలిచేవారు, అరుదుగా నేను గెలిచేదాన్ని. ఆవిడంటే నాకు కోపమే గాని, ఆ పోట్లాటలో ఒక సరదా కూడా ఉండేది. ఆవిడకీ ఉండేదేమో, ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ తరువాత నాకు కాన్పు అయింది. బిడ్డ దక్కలేదు. జబ్బు మొదలైంది అప్పుడే, అయితే దాన్ని జబ్బని ఎవరూ అనుకోలేదు, నేను కూడా అనుకోలేదు. మొదట చలి. రోహిణి కార్తెలో, ఊరంతా విసనకర్రలు పట్టుకుని అరుగుల మీద పడి ఉంటే, నేను కంబళి కప్పుకుని పొయ్యి పక్కన కూర్చునేదాన్ని. తరువాత ఒళ్ళు బరువెక్కింది. మొహం ఉబ్బింది, వేళ్ళు ఉబ్బాయి, గాజులు చేతికి ఎక్కడం మానేశాయి. జుట్టు కుచ్చులుగా దువ్వెనకు వచ్చేది. కనుబొమలు చివర్లలో రాలిపోయాయి. గొంతు బొంగురుపోయింది. ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు నాదాకా రావడానికీ, నా జవాబు వాళ్ళదాకా వెళ్ళడానికీ చాలాసేపు పట్టేది. మజ్జిగ పోస్తే తాగేదాన్ని. పెరుగు సంగతే గుర్తొచ్చేది కాదు.

ఇంత జరుగుతుంటే మా ఇంట్లో దీనికి పెట్టిన పేరు మంచితనం. బిడ్డ పోయాక బుద్ధి కుదురుకుందన్నారు. నోరు అణిగిందన్నారు. ఒళ్ళు చేసినందుకు మరీ సంతోషించారు. కోడలు బొద్దుగా ఉంటే ఆ ఇంట్లో నెయ్యికి లోటు లేదని నలుగురూ అనుకుంటారు. దుకాణం నడిపే ఇంటికి అంతకంటే ఏం కావాలి? పేరంటాలకు వెళితే అత్తగారు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి అందరికీ చూపించేవారు.

"చూడండి మా కోడల్ని. ఎన్నన్నా ఎదురు మాట ఉండదండి. ఎలాంటిది ఎలా అయిపోయిందో! అంతా అమ్మవారి దయండి."

కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలకు నా చేత అక్షింతలు వేయించేవారు, వాళ్ళకూ నా గుణం రావాలని. ఆ పిల్లలు వంగి నా కాళ్ళు ముట్టుకుంటే, కాళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో వాళ్ళకు తెలిసి ఉండాలి. ఒక్కతీ పైకి అనలేదు. ఇప్పుడు ఆ అక్షింతలు తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

అలా ఉండగా నాన్న పోయారని కబురు వచ్చింది. నన్ను పడవ ఎక్కించి కాలవ మీద ధవళేశ్వరం తీసుకువెళ్ళారు. లాకుల దగ్గర పడవ ఆగింది. దుకాణం తలుపులు మూసి ఉన్నాయి. నేను ఆ తలుపులవైపు చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కర్మలు జరిగినన్నాళ్ళూ రాలేదు. వచ్చినవాళ్ళందరూ నా నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోనిది అమ్మ ఒక్కతే. కర్మలు ముగిసిన మర్నాడు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"నాన్న పోయారు. తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"మరి ఏంటే ఇలా ఉన్నావు?"

"ఎలా ఉన్నానమ్మా?"

అమ్మ నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురువైపు తిప్పింది. చాలాసేపు చూసింది. "నా కూతురేదే?" అంది. అప్పటిదాకా నాన్న కోసం ఏడిచిన మనిషి, మళ్ళీ మొదటినుంచి నా కోసం ఏడిచింది. నేను ఆ ఏడుపు వింటూ కూర్చున్నాను.

ఏడాది తిరగని వితంతువు గడప దాటకూడదని మాలో కట్టుబాటు. అమ్మ దాటింది. నెత్తిన కొంగు మొహం దాకా లాక్కుని, బండి కట్టించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాజమండ్రి మిషనాసుపత్రికి తీసుకువెళ్ళింది. దారి పొడుగునా తెలిసినవాళ్ళు చూశారు. ఏమనుకుంటారో అని అమ్మ ఒక్కమాట కూడా అనలేదు. నాకు నోరు నాన్న దగ్గర్నుంచి రాలేదని ఆనాడే తెలియాల్సింది. అప్పటి నా మందబుద్ధికి తెలియలేదు.

ఆసుపత్రిలో ఆడవాళ్ళకు దొరసాని డాక్టరు ఉండేది. తెలుగు ఎవరో శాస్త్రుల దగ్గర నేర్చుకుందట, పురాణం చదువుతున్నట్టు మాట్లాడేది. పక్కన ఒక నర్సు, మన ప్రాంతపు క్రైస్తవుల పిల్ల. దొరసాని నా చేతులు తాకింది, నాలుక చూసింది, కనుబొమలు చూసింది. పిలిచి జవాబు కోసం ఆగింది. తరువాత వేళ్ళతో నా మెడ ముందు భాగం, గొంతు కింద, నెమ్మదిగా తడిమింది.

"ఇచ్చట ఉండవలసినది లేదు" అంది.

దొంగలు పడ్డారేమోనన్నట్టు అమ్మ నా మెడవైపు చూసింది. "ఏం లేదండీ? గొలుసు ఉంది కదండీ."

దొరసాని నవ్వలేదు. మమ్మల్ని కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళింది. బల్లమీద ఇత్తడి గొట్టం ఒకటి నిలబెట్టి ఉంది, అడుగున చిన్న అద్దం. దాన్ని మైక్రోస్కోపు అంటారని చెప్పింది. అద్దాన్ని ఎండవైపు తిప్పి, గాజుపలక ఒకటి గొట్టం కింద పెట్టి నన్ను చూడమంది. ఉబ్బిన రెప్పలతో చూడడమే కష్టం. మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. ఆవిడ విసుక్కోకుండా నా తల సర్దింది. అప్పుడు కనిపించింది.

గులాబిరంగు గదులు. గుండ్రంగా, చిన్నవీ పెద్దవీ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. ప్రతి గదికీ చుట్టూ ఒక్క వరస గోడ, నూతికి ఇటుకలు పేర్చినట్టు, ఒక్కొక్క ఇటుకలో ఒక్కొక్క నల్లచుక్క. ఆ ఇటుకలు ప్రాణమున్న కణాలని దొరసాని చెప్పింది. గది నడుమంతా తాటిముంజెలో ఉండేలాంటి జిగురు. ఆ జిగురును గోడలో కణాలే తయారుచేసి లోపల దాచిపెట్టుకుంటాయట. గొర్రె మెడలోంచి తీసిన గ్రంథిని పలచగా కోసి, రంగు వేసి పలక మీద అంటించారని చెప్పింది. మనిషి మెడలోదీ ఇలాగే ఉంటుందట, నాలో లేనిది అదేనట.

నేను గదులకు తలుపులు వెతికాను. కనిపించలేదు. నోరు కూడదీసుకుని అడగడానికి ఎంతసేపు పట్టిందో! అది ఆ రోజుల్లో నేను అడిగిన ఒకే ఒక ప్రశ్న. "కాలవ ఏదండీ?"

దొరసాని మొహం వెలిగింది. నోట్లో లాలాజలం ఊరే గ్రంథికి కాలవ ఉందనీ, దీనికి లేదనీ చెప్పింది. గదుల మధ్య సన్నని నెత్తుటి నరాలు అల్లుకుని ఉన్నాయి, వాటిని చూపించింది. జిగురులోని సారం గోడలోంచే ఊరి నెత్తుట్లో కలుస్తుంది. నెత్తురుతోపాటు ఒళ్ళంతా తిరుగుతుంది. ఆ సారం చాలినంత ఉంటేనే ఒంట్లో వేడి, గుండెకు వేగం, మనసుకు చురుకు. మూత్రపిండాల మీద, మెదడు అడుగున, ఇలాంటివే కాలవ లేని గ్రంథులు ఇంకా ఉన్నాయనీ, అవి ఏం చేస్తాయో తమవాళ్ళకు కూడా సరిగ్గా తెలియదనీ చెప్పింది. ధవళేశ్వరం దానికి కాలవ లేకుండా నీరు ఎలా పారుతుందో ఒప్పుకోవడం కష్టమే. కాని ఆనకట్ట కట్టాక కాలవ గట్టున ఉన్న మా నూతిలో నీళ్ళు పైకి ఊరాయని నాన్న చెప్పేవారు. అది గుర్తొచ్చి ఒప్పుకున్నాను.

తరువాత ఇంకో పలక పెట్టింది. వాళ్ళ దేశంలో నాలాంటి జబ్బుతో పోయిన ఒక ఆడమనిషి మెడలోదట అది. అందులో గదులు లేవు. ఎక్కడో ఒకటి రెండు, నలిగి, ముంజె ఎండిపోయి. మిగిలినదంతా కొబ్బరిపీచులా చారలు చారలుగా ఉంది. నేను గొట్టం మీదనుంచి తల ఎత్తలేకపోయాను. ఊరంతా అక్షింతలు వేయించుకున్న నా మంచితనం రంగు వేసి ఆ పలక మీద ఉంది.

"మందున్నదా అండీ?" అని అమ్మ అడిగింది.

ఉంది. గొర్రె మెడలోని ఆ గ్రంథినే తినాలి. తిన్నన్నాళ్ళు బాగుంటుంది, మానితే జబ్బు తిరిగి వస్తుంది. తినకపోతే ఇలాగే చల్లబడుతూ చల్లబడుతూ ఒకనాడు నిద్రలోనే పోవచ్చు. నర్సు పిల్ల దొరసాని చెవిలో మెల్లిగా, "వాళ్ళు కోమట్లండి, నీచు ముట్టరండి. ఎండబెట్టి పొడి చేసి మందని ఇచ్చేద్దామండి, చెప్పకపోతే ఏం పోయిందండి?" అంది. మెల్లిగా అన్నా నాకు వినిపించింది. దొరసాని ఒప్పుకోలేదు. "ఆమె నోట పెట్టునది ఏమో ఆమె ఎరుగవలెను" అంది.

అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. ఆవిడ గడప దాటగలదు గాని, గొర్రె మెడ మాటకు నోరు పెగల్లేదు. ఏం చెయ్యాలో చెప్పమన్నట్టు నావైపు చూసింది. నాకు భయం కూడా సరిగ్గా వెయ్యలేదు, భయపడడానికీ ఆ సారం కావాలి కాబోలు. ఒక్కటే అనుకున్నాను. నాన్న పోతే ఏడవని మనిషిగా బతకను.

"పెట్టండి" అన్నాను.

గ్రంథిని సన్నగా తరిగి, కాస్త వేయించి, నర్సు తమలపాకులో చుట్టి ఇచ్చింది. నీచు వాసన. దానికి బెల్లం అద్దుకుని, కళ్ళు మూసుకోకుండా మింగాను. వాంతి వచ్చింది. మర్నాడు మళ్ళీ తిన్నాను. రోజూ ధవళేశ్వరం నుంచి బండిలో వెళ్ళి వచ్చేవాళ్ళం. అమ్మ నా పక్కనే, ఆ ఆకు కంటికి కనిపించకుండా మొహం తిప్పుకుని కూర్చునేది. ఇంటికి వెళ్ళాక స్నానం చేసేది. అయినా రాకుండా ఉండలేదు.

కొన్ని వారాలు ఏమీ తెలియలేదు. తరువాత ఒకరోజు కంబళి బరువనిపించి తీసేశాను. చెమట పట్టింది. ఒంట్లో పట్టిన నీరు మూత్రంలో పోవడం మొదలైంది, ఉబ్బు దిగింది, గాజులు ఎక్కాయి. గొంతు తేటపడింది. ఒక మధ్యాహ్నం లాకుల దగ్గర ఎవరో పడవవాడు పెద్దగా బేరమాడుతున్నాడు, కొత్త దుకాణం ఎవరిదో. నేను అలవాటుగా తలుపు చాటుకు వెళ్ళి నోరు తెరిచాను. తెరిచాక తెలిసింది, అది నాన్న దుకాణం కాదని. అక్కడే చతికిలపడి ఏడ్చాను. నాన్న పోయిన ఇన్నాళ్ళకు, కొత్తగా కబురు విన్నదానిలా, వీధి వీధంతా వినేలా ఏడ్చాను. ఇరుగుపొరుగు కంగారుపడి పరుగెత్తుకొచ్చారు. అమ్మ మాత్రం నన్ను ఒళ్ళోకి లాక్కుని నవ్వింది.

నర్సు పిల్ల మంచి మనసుతోనే, ఎలాగూ కులం పోయింది కదా, వాళ్ళ చర్చికి రండని అడిగింది. తిన్నది గొర్రె మెడ, గొర్రెల మందలో మాత్రం చేరనన్నాను. ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. ఒకరి చెప్పుచేతల్లోంచి బయటపడ్డ మనిషి వెంటనే ఇంకొకరి చెప్పుచేతల్లోకి ఎందుకు వెళుతుంది? అయినా ఆ పిల్లా నేనూ నేటికీ స్నేహంగానే ఉన్నాం.

మా ఆయన వచ్చి నన్ను సామర్లకోట తీసుకువెళ్ళారు. అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"చిక్కిపోయావేంటే? మీ అమ్మ అన్నం పెట్టలేదా?"

"పెట్టిందండి. పెరుగు కూడా వేసింది."

ఆవిడకు అప్పుడే అనుమానం వచ్చింది. వారం తిరక్కుండా నిర్ధారణ అయింది. ఆసుపత్రిలో ఏదో పెట్టి పిల్లను పాడుచేశారని వీధిలో చెప్పుకుని ఏడ్చారు. బొద్దుగా, బుద్ధిగా ఉన్న కోడల్ని పంపిస్తే, బక్కచిక్కిన గయ్యాళిని తిరిగి పంపారట. ఏం పెట్టారో చెప్పమని నన్ను నిలదీశారు. అబద్ధం చెప్పి ఉండొచ్చు. పసరు మందని ఒక్కమాట అంటే ఇల్లు చల్లబడేది. కాని ఆ దొరసాని నా దగ్గర దాచనిది నేను వీళ్ళ దగ్గర ఎందుకు దాచాలి? చెప్పాను. గొర్రె మెడ, వేయించి, తమలపాకులో చుట్టి.

కులపెద్దలు మా ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. ఆడదాన్ని గనుక నేను తలుపు చాటున. ప్రాయశ్చిత్తం తేల్చారు. పంచగవ్యం తాగాలి, కాల్చిన బంగారు తీగతో నాలుక మీద వాత పెట్టించుకోవాలి, ఇకమీదట ముట్టనని అమ్మవారి ఎదుట ప్రమాణం చెయ్యాలి. మా ఆయన తలుపు దగ్గరకు వచ్చి మెల్లిగా అన్నారు. "ఒప్పుకోవే. మునుపటిలా ఉందువు గాని. ఎంత బాగుండేదానివి!"

ఆయన చెడ్డమనిషి కాదు. చల్లబడ్డ చెయ్యి పక్కన ఇన్నేళ్ళు పడుకుని, బాగుందనుకున్న మనిషి. దానికి నాకు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

తలుపు చాటునుంచి అరవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. అరిచాను. పంచగవ్యం తాగుతానండి. నాలుక కాలుస్తారా, కాల్చండి. రేపు మాత్రం మళ్ళీ తింటానండి. ఎల్లుండీ తింటానండి. ముందుగదిలోంచి పెద్దాయన ఒకరు గొంతు సవరించుకుని, "ప్రాయశ్చిత్తం జరిగిపోయినదానికమ్మా, జరగబోయేదానికి ఉండదు" అన్నారు.

"అయితే అక్కర్లేదులెండి" అన్నాను.

వెలేశారు. నన్ను ఒక్కదాన్నే, ఇంట్లోనే ఉండనిచ్చి. పెరటి వసారాలో నాకు వేరే పొయ్యి, వేరే కుండ, వేరే చెంబు. వంటింటి గడప నేను తొక్కకూడదు, వసారా ముందు గీసిన గీత వాళ్ళు దాటకూడదు. నేను ముట్టినది ఎవరూ తినకూడదు. పెద్ద శిక్షే వేశామని వాళ్ళనుకున్నారు. కొన్ని రోజులు నేనూ అలాగే అనుకుని ఏడ్చాను. తరువాత ఒక పొద్దున లేచి చూస్తే, ఉమ్మడి కుటుంబం అంతటికీ వంట చెయ్యాల్సిన మనిషి ఇప్పుడు నేను కాదు. ఒక్కదానికి గుప్పెడు బియ్యం వేసుకున్నాను. సొంతంగా పాలు తోడు పెట్టుకున్నాను. గడ్డ పెరుగు. మీగడతో సహా.

గొర్రె మెడలు తరగడం పోయి, కొన్నాళ్ళకు దాన్ని ఎండబెట్టి చేసిన పొడి సీసాల్లో రావడం మొదలైంది. అది అయిపోయే వేళకు మా ఆయన ఏదో పని పెట్టుకుని రైల్లో రాజమండ్రి వెళ్ళేవారు. తిరిగొచ్చి నా వసారా స్తంభం పక్కన పొట్లం పెట్టేవారు. దాన్ని మందు అనరు. "నీ పొట్లం" అంటారు. భోజనం వాళ్ళమ్మ దగ్గరే. ఎందుకు తెస్తున్నారని నేనూ అడగలేదు.

అప్పుడు మరిదికి పెళ్ళయింది. తోడికోడలు కాపురానికి వచ్చింది, మొగల్తూరు పిల్ల. నవ్విందంటే దుకాణంలోకి వినిపించేది. అక్కడ సముద్రపు హోరుకు గొంతు పెంచి మాట్లాడడం అలవాటట. నన్ను "అక్కా" అని దూరంనుంచి పిలిచి, వసారా గీత దాటకుండా, ఏదో ఒకటి చెప్పి నవ్వించేది. ఏడాది గడిచింది. ఆ నవ్వు తగ్గింది. తరువాత వినిపించలేదు. పిలిస్తే తల ఊపేది. ఒళ్ళు కాస్త నిండుగా వచ్చింది. ఒకనాటి పేరంటంలో అత్తగారి గొంతు పెరట్లోకి వినిపించింది.

"మా చిన్నకోడలండి, ఎన్నన్నా ఎదురు మాట ఉండదండి. మా పెద్దది మునుపు ఎలా ఉండేదో, అచ్చం అలాగే అయిందండి."

నా చేత్తో అక్షింతలు వేసిన పిల్లలందరూ కళ్ళముందు మెదిలారు. దీనికి నేనే వేశానా ఏంటి అనిపించింది. వెయ్యలేదు, అప్పటికే నన్ను వెలేశారు. అయినా భయం ఆగలేదు. ఆమె కనుబొమలు దూరంనుంచి పట్టి పట్టి చూశాను. ముట్టుకుని చూద్దామంటే నేను ముడితే అంటు. మొక్కు ఉందని మరిదిని ఒప్పించి, ఆమెను రైలెక్కించుకుని రాజమండ్రి తీసుకువెళ్ళాను. మొక్కు అబద్ధం. దానికి అమ్మవారు ఏమీ అనుకోదు.

దొరసానికి జుట్టు నెరిసింది. తెలుగు మాత్రం అదే. తోడికోడలి నాలుక చూసింది, పిలిచింది, మెడ తడిమింది. దొరసాని నా చెయ్యి తీసుకుని ఆ పిల్ల చేతిలో పెట్టింది. చెయ్యి వెచ్చగా ఉంది. నా చేతికంటే వెచ్చగా ఉంది.

"ఈమె గ్రంథి చక్కగానున్నది. ఈమెకు ఏ జబ్బును లేదు."

"మరెందుకు మాట్లాడదండీ?"

"అది నేను ఎరుగను. ఆమెనే అడుగుడు."

తిరుగు రైల్లో అడిగాను. కిటికీలోంచి చేలు చూస్తూ చెప్పింది. మాట్లాడితే తప్పు, నవ్వితే తప్పు, అడిగితే తప్పు. తిట్టరు, కొట్టరు. జవాబు ఇవ్వరు, అంతే. అందరూ కలిసి రోజులకు రోజులు జవాబు ఇవ్వకపోతే నోరు దానంతటదే మూసుకుపోయింది. "ఇప్పుడు మంచిదాన్నంటున్నారక్కా" అంది. ఏడుస్తూ అంది.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నా మెడలో గదులు ఎండిపోతే గాని నేను అలా కాలేదు. ఈ పిల్ల మెడలో అన్ని గదులూ నిండుగా, ఏ గోడా చెడకుండా ఉన్నాయి, సారం ఊరుతూనే ఉంది. ఏ మైక్రోస్కోపు కింద పెట్టినా ఈమెలో తప్పు కనిపించదు. జబ్బు ఇంటికి ఉంది. దానికి గొర్రె మెడలో మందు లేదు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. లోపల పంక్తి వేశారు. నేను వసారాలో నా పొయ్యి మీద అన్నం దించుకుని విస్తరి పరుచుకున్నాను. ఎందుకు చేశానో తెలియదు, పక్కన ఇంకో విస్తరి కూడా పరిచాను. ఆ పిల్ల వంటింటివైపు వెళుతూ ఆగింది. విస్తరిని చూసింది, వసారా గీతను చూసింది. తినేది అన్నమే, పప్పే. కాని నా చేతిది. తింటే తిరిగి లోపలికి దారి లేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నేను రమ్మనలేదు.

"అక్కడ ఏం చేస్తున్నావే? మజ్జిగ పోసేస్తున్నాం" అని లోపల్నుంచి అత్తగారు కేక వేశారు.

ఆ పిల్ల గీత దాటింది. వచ్చి విస్తరి ముందు కూర్చుంది. నేను అన్నం వడ్డించాను, పప్పు వేశాను. కలుపుకుని తింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు, చేతిలో మజ్జిగ గిన్నె. మా ఆయన, మరిది ఆవిడ వెనక. నేను చేతికందిన చెంబు అందుకున్నాను, అందులో ఉన్నది మజ్జిగని చూసుకోలేదు.

ఆ పిల్ల చెంబులోకి తొంగిచూసి తల ఎత్తింది.

"మజ్జిగ కాదండి అక్కా" అంది, మొగల్తూరు గొంతుతో, దుకాణంలోకి వినిపించేలా. "పెరుగు వెయ్యండి."